నా మెమో నా అజాగ్రత్త వల్ల పోలేదు

2018 మే నెలలో తార్నాకలో ఒక నోటరీ బల్ల ముందు నిలబడి స్టాంపు కాగితం మీద సంతకం పెట్టాను. టైపిస్టు దగ్గర ముందే సిద్ధంగా ఉన్న నమూనా అది. పేరు, తండ్రి పేరు, హాల్‌టికెట్ నంబరు మాత్రమే నావి. మధ్యలో ఒక వాక్యం: ‘నా అజాగ్రత్త వల్ల నా ఇంటర్మీడియట్ ఒరిజినల్ మెమో ఎక్కడో పడిపోయినది.’

నేను దాన్ని ఎక్కడా పడేసుకోలేదు. 1999లో బీకాంలో చేరిన రోజు కాలేజీ కౌంటర్లో నా చేత్తో ఇచ్చాను. 2001లో చదువు ఆగిపోయినప్పుడు, మిగిలిన ఫీజు 2,800 రూపాయలు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. ఆ నెల మా ఇంట్లో 2,800 రూపాయలు లేవు. పదిహేడేళ్ల తరువాత డబ్బు పట్టుకుని వెళ్తే ఆ కాలేజీయే లేదు. అదే మేడలో బట్టల దుకాణం నడుస్తోంది. ఎలాగో యాజమాన్యం ఫోన్ నంబరు సంపాదించి అడిగితే, సామాను మార్చేటప్పుడు పాత ఫైళ్లు పోయాయమ్మా అన్నారు. పోగొట్టింది వాళ్లు. అజాగ్రత్త మాత్రం నా పేరు మీద రాసుకోవలసి వచ్చింది. ఆ ముక్క తీసేయమని టైపిస్టును అడిగాను. ‘ఫార్మాట్ అట్లనే ఉంటదమ్మా, మారిస్తే వాళ్లు తీసుకోరు’ అన్నాడు. డూప్లికేట్ మెమో కావాలి, అడ్మిషన్ గడువు దగ్గర పడింది. సంతకం పెట్టాను.

ఆ సంతకం ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు. మధ్యలో చదువు ఆగిపోయి, పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టుకున్న మనిషిని మనం తప్పు చేసి వచ్చిన మనిషిలా నిలబెడుతున్నాం. దారులు లేవని కాదు. తెలుగు నేల మీద ఈ విషయంలో దేశానికే దారి చూపిన పనులు జరిగాయి. కానీ ఆ దారి ఎక్కేలోపు ఎన్ని బల్లలుంటే అన్ని బల్లల ముందూ పాత తప్పు ఒప్పుకోవాలి. అది తప్పే కాకపోయినా ఒప్పుకోవాలి.

మాది లాలాపేట. నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. 1893లో నిజాం రైల్వే వాళ్లు పెట్టిన వర్క్‌షాపు అది. మా చుట్టుపక్కల బస్తీల్లో పొద్దున లేవడం, అన్నం డబ్బా కట్టడం, సాయంత్రం చాయ్ పెట్టడం అన్నీ దాని షిఫ్టుల ప్రకారమే జరిగేవి. ఇటు విజయ డెయిరీ పాల బండ్లు, అటు నాచారం పారిశ్రామికవాడ. ఉస్మానియా యూనివర్సిటీ మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. తార్నాక నుంచి ఉప్పల్‌లో ఉండే మేనత్త ఇంటికి బస్సులో వెళ్తుంటే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ బోర్డులు ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. దేశమంతా పేరున్న పరిశోధన సంస్థలు మా బస్సు కిటికీలో కనిపించేవి. వాటిలో ఏదో ఒకదాని గేటులోకి ఒకరోజు నేనూ వెళ్తానని పదో తరగతి వరకూ గట్టిగా అనుకున్నాను.

1996లో ప్రభుత్వ బడిలో తెలుగు మీడియంలో పది పాసయ్యాను. లెక్కల్లో నూటికి 84. ఇంటర్ ఎంపీసీ, ప్రైవేటు కాలేజీ, ఇంగ్లిష్ మీడియం. ఇంగ్లిష్ మీడియంలో చదివితేనే ముందుకు పోతావని అందరూ అన్నారు, మేమూ నమ్మాం. మొదటి నెలలోనే నేను మునిగిపోయాను. నాకు త్వరణం తెలుసు, ఆక్సిలరేషన్ తెలియదు. వర్గ సమీకరణం చేయగలను, క్వాడ్రాటిక్ అంటే భయం. రెండూ ఒకటేనని చెప్పడానికి ఎవరికైనా ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం ఎవరూ ఇవ్వలేదు. అడగడానికి నాకూ నోరు రాలేదు. తొంభై మంది క్లాసులో వెనక బెంచీలన్నీ మాలాంటి తెలుగు మీడియం పిల్లలవే. ఒకరి నోట్సు చూసి ఒకరం అక్షరాల బొమ్మలు దించుకునేవాళ్లం.

1998లో ఫలితాలు పేపర్లో వచ్చాయి. అప్పట్లో పాసైన నంబర్లు మాత్రమే వేసేవాళ్లు. నా నంబరు లేదు. నాయిన రెండుసార్లు వేలు పెట్టి వెతికాడు. తరువాత పేపర్ను నాలుగు మడతలు పెట్టి డబ్బా సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లాడు. మెమో వచ్చాక చూస్తే లెక్కల 2ఏ పేపర్లో 75కి 11, ఫిజిక్స్‌లో 60కి 14. ‘మళ్ల రాయి బిడ్డా’ అన్నాడు నాయిన. ఆ ఒక్క మాటే అన్నాడు. మూడో ప్రయత్నంలో, 1999లో గట్టెక్కాను. ఆ తరువాత బీకాంలో చేరితే అక్కడా అదే ఇంగ్లిష్, అదే వెనక బెంచీ. రెండేళ్లలో అయిదు బ్యాక్‌లాగులు. నాయినకు గుండె జబ్బు, 2001లో నా పెళ్లి. చదువు అక్కడితో సరి.

ఇప్పటికీ ఎవరైనా ‘ఎందుకు ఫెయిలయ్యావు’ అంటే చాలామంది నా తరఫున జవాబు చెప్పేస్తారు. తెలివి చాలలేదనో, శ్రద్ధ లేదనో. పదో తరగతిలో 84 తెచ్చుకున్న పిల్ల రెండేళ్లకే 11కి ఎలా పడింది అని ఎవరూ అడగరు. పిల్ల మారలేదు, పుస్తకం భాష మారింది. నా ఈడువాళ్లలో వేల మంది కథ ఇదే. ఆ ఒక్క మలుపులో తప్పిపోయినవాళ్లు ఆటోలు నడుపుతున్నారు, కుట్టు మిషన్లు తొక్కుతున్నారు, నాచారంలో డబ్బాలకు లేబుళ్లు అంటిస్తున్నారు. ఆ పనుల్లో ఏదీ తక్కువది కాదు. కానీ వాళ్లలో చాలామంది తమకు చదువు రాదని నమ్ముతూ బతుకుతున్నారు. నేనూ పదిహేనేళ్లు అలాగే నమ్మాను.

2006లో నాచారంలో ఒక మందుల ప్యాకింగ్ యూనిట్లో చేరాను. మా ఆయన అప్పటికే ఆ వాడలోనే లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. మొదట స్ట్రిప్ ప్యాకింగ్ బల్ల, తరువాత చేతిరాత బాగుందని డిస్పాచ్ రిజిస్టరు, ఆ తరువాత బిల్లింగ్. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు ఆఫీసులో అందరూ తలలు పట్టుకున్నారు. రాత్రిళ్లు ఫోన్లో వీడియోలు చూసి హెచ్‌ఎస్‌ఎన్ కోడ్లు, ఇన్‌పుట్ క్రెడిట్, రిటర్నులు నేర్చుకున్నాను. ఒక గడువుకు ఒక రిటర్ను, ఇంకో గడువుకు ఇంకొకటి. మూడు నెలల్లో ఆ పని నా చేతికి వచ్చింది. ఆ ఏడాది చివర్లో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ అని కొత్త పోస్టు పెట్టారు. దాన్ని ఇరవై మూడేళ్ల బీకాం అబ్బాయికిచ్చారు. అతనికి రిటర్న్ వేయడం నేర్పించమని నాకే చెప్పారు. మంచి పిల్లవాడు. ‘అక్కా, ఇది మీరే చేయాల్సిన పోస్టు కదా’ అని తనే అన్నాడు. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదట మా వైపే ఉన్న ఒక డిగ్రీ కాలేజీకి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే కౌంటర్లో ఆయన ‘బాబు అడ్మిషనా, పాప అడ్మిషనా?’ అని అడిగాడు. నాకే అంటే ఒక్క క్షణం చూసి, గ్యాప్ ఎంత అన్నాడు. పదిహేడేళ్లు. ‘అంత గ్యాప్‌కు అఫిడవిట్ కావాలి, ఇన్నేళ్లూ ఎక్కడా చదవలేదని రాసివ్వాలి, అయినా సిస్టమ్ తీసుకోదేమో’ అన్నాడు. పాత బీకాంలో నేను పాసైన పేపర్లు ఏడున్నాయి, వాటి సంగతేంటని అడిగాను. అవి లెక్కలోకి రావన్నాడు. ఫెయిలైన అయిదు మాత్రం నా వెంట ఇంతకాలం వచ్చాయి. పాసైన ఏడు ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదు.

అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ సంగతి చెప్పింది మా ప్యాకింగ్ సెక్షన్లో పనిచేసే ఒక అక్క. ఆమె భర్త ఆర్టీసీలో కండక్టరు, డ్యూటీ చేస్తూనే అక్కడ బీఏ పూర్తిచేశాడు. అప్పటిదాకా ఆ యూనివర్సిటీ అంటే ఏదో రెండో రకం చదువు అనుకునేదాన్ని. దాని చరిత్ర తెలుసుకున్నాక సిగ్గుపడ్డాను. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా అది మొదలైంది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది 1969లో. పదమూడేళ్లకే మనవాళ్లు ఆ ఆలోచనను తెలుగు మీడియంలోకి తెచ్చారు. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంటర్ లేనివాళ్లు కూడా పద్దెనిమిదేళ్లు నిండితే అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు దశాబ్దాల పాటు అక్కడ ఉండింది. పదిహేడేళ్లప్పుడు తప్పిన పరీక్ష మనిషి జీవితానికి తీర్పు కాదని ఒక ప్రభుత్వ సంస్థ నియమావళిలోనే రాసుకుంది!

దాని తొలి వైస్ చాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసిన రాజనీతిశాస్త్ర ఆచార్యుడు, అంతకు ముందు ఉస్మానియాకు వీసీ. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వీసీ ఆయనే. తరువాత యూజీసీ చైర్మన్ అయ్యారు. ఉస్మానియా క్యాంపస్‌లో దూరవిద్య కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. ఈ సంగతులు మా బస్తీలో ఎవరికీ తెలియవు, నాకూ ముప్పై ఏడేళ్లు వచ్చేదాకా తెలియలేదు. సినిమా తారల పుట్టినరోజులకు మా చౌరస్తాలో ఫ్లెక్సీలు కడతారు. ఈయన ఫొటో ఒక్కటీ నేను చూడలేదు.

పుస్తకాల కట్ట ఇంటికి తెచ్చిన రోజు సంగతి చెప్పాలి. బీకాం, తెలుగు మీడియం. అకౌంటెన్సీ పుస్తకం తెరిస్తే చిట్టా, ఆవర్జా, అంకణా. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అమ్మ నాయన భువనగిరి దగ్గర ఊళ్లో కిరాణా కొట్టు నడిపేవాడు. ఎర్ర అట్ట పుస్తకంలో చిట్టా రాసేవాడు, రాత్రి లాంతరు దగ్గర దాన్ని ఆవర్జాలోకి ఎక్కించేవాడు. జర్నల్, లెడ్జర్ అని 1999లో నేను బట్టీ పట్టి మరిచిపోయినవి ఇవే. నాలుగో తరగతి చదివిన తాత రోజూ చేసిన పనే ఇది. ఈ మాట అప్పుడెవరైనా చెప్పి ఉంటే ఆ అయిదు బ్యాక్‌లాగుల్లో రెండైనా ఉండేవి కావు.

తరుగుదల పాఠం కూడా అంతే. అప్పట్లో సూత్రం తప్ప ఏమీ ఎక్కలేదు. ఇప్పుడు ఆ పాఠం చదువుతుంటే మా యూనిట్లో స్ట్రిప్ మిషన్ కళ్లముందుంది. కొన్న ఏడాది దాన్ని రోజూ తుడిచి గుడ్డ కప్పేవాళ్లం. నాలుగో ఏడాదికి సీలింగ్ రోలర్ అరిగి, స్ట్రిప్పులు గాలి పట్టి వెనక్కి వచ్చేవి. ఎనిమిదో ఏడాది ముంబై నుంచి వచ్చిన వ్యాపారి పాత ఇనుము ధర కన్నా కాస్త ఎక్కువిచ్చి పట్టుకుపోయాడు. కొన్న ధర, మరమ్మతు ఖర్చు, చివరికి మిగిలే విలువ, అన్నీ నా చేతి మీదుగా రాసిన బిల్లులే. ఆ లెక్క చేస్తుంటే పెన్ను ఎక్కడా ఆగలేదు. ఆ పేపర్లో 100కి 78 వచ్చాయి. పెద్దయ్యాక బుర్ర మొద్దుబారుతుందని అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. జ్ఞాపకం కొంత తగ్గుతుందేమో, అర్థం కావడం మాత్రం తగ్గదు. పాఠంలో ఉన్నది మనకు ముందే ఎక్కడో తగిలి ఉంటుంది.

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు తెలంగాణలో ఏం జరిగిందో అందరికీ గుర్తుండే ఉంటుంది. మార్కుల నమోదులో తప్పులు, లక్షల మంది పిల్లల ఆందోళన, ఇరవై మందికి పైగా పిల్లల ప్రాణాలు. చివరికి ఫెయిలైన అందరి జవాబు పత్రాలనూ ప్రభుత్వం మళ్లీ పరిశీలించవలసి వచ్చింది. మా వెనక సందులో ఒక అమ్మాయి ఆ ఏడాది రెండు సబ్జెక్టుల్లో తప్పింది. రెండు రోజులు అన్నం తినలేదని వాళ్లమ్మ ఏడుస్తూ వచ్చింది, ‘వదినా, నువ్వొకసారి మాట్లాడు’ అంది. నాకు మాటలు రాలేదు. నా డూప్లికేట్ మెమో తీసి పట్టుకెళ్లాను. ఎన్ని సంవత్సరాల్లో ఎన్నిసార్లు రాసి పాసయ్యానో అందులో చూస్తే తెలుస్తుంది. ఆ అమ్మాయి దాన్ని చాలాసేపు చూసి ‘ఆంటీ, మీరు కూడానా?’ అంది. ఆ రాత్రి వాళ్లింట్లో ముగ్గురం కలిసి పప్పన్నం తిన్నాం. నా బీకాం మొదటి సంవత్సరం పుస్తకాలు ఆ వారం వాళ్లింట్లోనే కూర్చుని చదివాను. ఆ అమ్మాయి పక్కనే తన కెమిస్ట్రీ చదువుకుంది. సప్లిమెంటరీలో పాసైంది.

ఇంకో రెండేళ్లకు, 2021లో, కోవిడ్ వల్ల ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు రద్దు చేసి ప్రభుత్వం అందరినీ పాస్ చేసింది. మా అబ్బాయిది ఆ బ్యాచే. అది సరైన నిర్ణయమే. ఆ పిల్లలు డిగ్రీలు, ఇంజినీరింగులు చదివి ఈరోజు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, ఏ కంపెనీ కూలిపోలేదు. ఒక బ్యాచ్ మొత్తానికి పరిస్థితి బాగాలేదని ప్రభుత్వం ఒప్పుకుంది. మరి నాయినకు గుండెపోటు వచ్చిన ఇంట్లో పిల్లకు, మీడియం మారి తబ్బిబ్బైన పిల్లకు, పెళ్లి చేసి పంపిన పిల్లకు పరిస్థితి బాగాలేదని ఎవరు ఒప్పుకుంటారు? కష్టం అందరికీ ఒకేసారి వస్తే గుర్తిస్తాం. ఒక్కొక్కరికీ విడివిడిగా వస్తే దాన్ని వాళ్ల అజాగ్రత్త అంటాం.

నేను అడిగేవి పెద్ద పెద్ద సంస్కరణలేం కావు. మొదటిది సర్టిఫికెట్లు. ఒరిజినల్స్ పట్టుకోకూడదని 2018 అక్టోబర్‌లో యూజీసీ కాలేజీలన్నిటికీ చెప్పింది. అయినా ఈ రాష్ట్రంలో ఈనాటికీ ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని పిల్లల మెమోలు, టీసీలు ఆపుతున్న కాలేజీలున్నాయి. సర్కారు కాలేజీకి బాకీ, కాలేజీ పిల్లను ఆపుతుంది. ఆ కాగితం చేతిలో లేక ఉద్యోగం పోయినవాళ్లు, పీజీ సీటు వదులుకున్నవాళ్లు మా వాడలోనే ఉన్నారు. బకాయి వసూలు చేసుకోవడానికి చట్టంలో వేరే మార్గాలున్నాయి. పదహారేళ్ల పిల్ల మార్కుల కాగితం తాకట్టు వస్తువు కాదు. మూతపడిన కాలేజీల రికార్డులు ఏ ఆఫీసులో ఉంటాయో చెప్పే ఒక జాబితా అయినా ప్రభుత్వం పెట్టాలి. నాలాగా అబద్ధం మీద సంతకం పెట్టే అవసరం ఇంకొకరికి రాకూడదు.

రెండోది డబ్బు. ఫీజు రీయింబర్స్‌మెంట్ నిబంధనలు మొదటి నుంచీ రెగ్యులర్ కోర్సుల కోసం రాసినవే. దూరవిద్యలో, ఓపెన్ యూనివర్సిటీలో చదివేవాళ్లను అందులోకి రానివ్వలేదు. ఇంజినీరింగ్ పిల్లవాడికి ఏడాదికి వేలకు వేలు కట్టే ప్రభుత్వం, ఇళ్లలో పనిచేస్తూ బీఏ చదివే ఆవిడకు అందులో పదో వంతు కూడా కట్టలేదా? ఓపెన్ యూనివర్సిటీ ఫీజు తక్కువే, నిజం. కానీ ఇంటి అద్దె, పిల్లల ఫీజు, అత్తమ్మ మందులు అన్నీ పోగా మిగిలిన దానిలోంచి కట్టాలంటే ఆ తక్కువ కూడా ఎక్కువే. మా సెక్షన్లో నాతోపాటు చేరిన ఇద్దరు రెండో ఏడాది ఫీజు దగ్గరే ఆగిపోయారు.

మూడోది పాత మార్కులు. అమెరికాలో చాలా కాలేజీల్లో అకడమిక్ రెన్యువల్ అని ఒక పద్ధతి ఉంది. కొన్నేళ్ల విరామం తరువాత తిరిగొచ్చి బాగా చదివితే, మొదట్లో వచ్చిన చెడ్డ గ్రేడ్లను సగటులోంచి తీసేస్తారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944లో వాళ్లు చదువు హక్కు ఇచ్చారు. 1947లో అక్కడి కాలేజీ ప్రవేశాల్లో 49 శాతం ఆ సైనికులవే. పెళ్లయి, పిల్లలున్న మగవాళ్లు క్లాసుల్లో కూర్చుంటే చదువు ప్రమాణం పడిపోతుందని అప్పుడు పెద్ద పెద్ద విద్యావేత్తలే భయపడ్డారు. అలాంటిదేమీ జరగలేదు. మన దగ్గర 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెచ్చింది. ఒకచోట పాసైన పేపర్ల క్రెడిట్లు దాచుకుని ఇంకోచోట వాడుకోవచ్చు. మంచి పని. కానీ వాటి గడువు గరిష్ఠంగా ఏడేళ్లే. పెళ్లి చేసుకుని, బిడ్డను కని, ఆ బిడ్డ బడికి పోయేదాకా ఆగిన ఆడమనిషికి ఏడేళ్లు ఏ మూలకు? ఆమె పాసైన పేపరు పాసైనదే. దానికి గడువెందుకు?

తిరిగి చదువుకున్నవాళ్ల గురించి పత్రికలు రాయవని కాదు. వరంగల్ జిల్లాలో రోజుకు అయిదు రూపాయల కూలి చేసి, 1994లో అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ నుంచి బీఏ తెచ్చుకుని, అమెరికాలో సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన జ్యోతిరెడ్డి గారి గురించి చదివాం. అనంతపురం జిల్లాలో కూలి పనులకు వెళ్తూనే 2023లో కెమిస్ట్రీలో డాక్టరేట్ అందుకున్న సాకే భారతి గారి ఫొటో నేను కత్తిరించి బీరువా తలుపుకు అంటించుకున్నాను. ఆ ఇద్దరికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ ప్రతి మనిషీ అంత ఎత్తు ఎక్కితేనే తిరిగొచ్చిన చదువుకు విలువ అంటే, నాలాంటివాళ్లం ఏమైపోవాలి? నేను కంపెనీ పెట్టలేదు. 2022లో బీకాం డిగ్రీ చేతికొచ్చాక నా జీతం ఆరు వేలు పెరిగింది, హోదా మారింది. అంతే. ఆ ఆరు వేలతో అబ్బాయి చివరి రెండేళ్ల ఫీజు కట్టాం. చదువు మామూలు మనిషికి మామూలుగా చేయాల్సిన మేలు అదే. దానికోసం ఎవరూ వీరవనిత కానక్కర్లేదు.

ఇప్పుడు ఉస్మానియా దూరవిద్య కేంద్రంలో ఎంకాం చదువుతున్నాను. క్లాసులున్న ఆదివారాల్లో లాలాపేట నుంచి నడిచే వెళ్తాను. తార్నాక చౌరస్తా దాటి క్యాంపస్‌లోకి తిరిగితే ఎండ సగం తగ్గుతుంది. లైబ్రరీ ముందు చెట్ల కింద గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఉంటారు. వాళ్లలో సగం మంది చేతుల్లో తెలుగు అకాడమీ పుస్తకాలు, సగం మంది చేతుల్లో నేను చదివిన ఓపెన్ యూనివర్సిటీ పుస్తకాలు. క్లాసు అయ్యాక ఒక్కోసారి విద్యానగర్ వైపు పోతాను. ఆ దారిలో ఆంధ్ర మహిళా సభ కాలేజీ ఉంది. దాని ముందు ఒక్క నిమిషమైనా నిలబడకుండా రాలేను.

ఆ సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఇంగ్లిష్ మీడియం రుద్దుతున్నారని పన్నెండేళ్లకే బడి మానేశారు. ఎనిమిదేళ్లకు జరిగిన పెళ్లిని వదులుకుని స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు, జైళ్లకు వెళ్లారు. బయటికొచ్చాక, ఇరవై దాటిన వయసులో, కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్‌తో మళ్లీ మొదలుపెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టల్ లేదు కాబట్టి చేర్చుకోలేమంటే, చదవాలనుకునే అమ్మాయిలను తానే పోగుచేసి హాస్టల్ నడిచేలా చేశారు. 1942లో మద్రాసులో లా డిగ్రీ తీసుకున్నారు. నాలుగేళ్లకు రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఆమె అధ్యక్షతన నడిచిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో, బడి మధ్యలో మానేసిన పెద్దవయసు స్త్రీల కోసం తక్కువ కాలంలో పరీక్షకు తయారుచేసే కోర్సులు దేశమంతటా మొదలుపెట్టింది. తాను ఎక్కిన మెట్లు వెనక వచ్చేవాళ్లకు ఉన్నాయా లేవా అని ఆమె చూసుకున్నారు. ఇప్పుడు కుర్చీల్లో ఉన్నవాళ్లలో ఆ చూపు కోసం వెతుకుతున్నాను.

నాలుగోది సెలవు, ఇది చెప్పకుండా ఉండలేను. ప్రైవేటు ఉద్యోగికి పరీక్ష సెలవు అనేదే లేదు. ఒకప్పుడు ఈ నగరంలో సాయంత్రం కాలేజీలుండేవి. నాయినతో పనిచేసిన ఒక పెద్దాయన షిఫ్టు దిగి, నూనె చేతులు కడుక్కుని, సైకిల్ మీద సాయంత్రం కాలేజీకి పోయి బీఏ చదివాడని నాయిన గొప్పగా చెప్పేవాడు. ఆ కాలేజీలు దాదాపు కనుమరుగయ్యాయి. కౌంటర్లన్నీ సాయంత్రం అయిదింటికి మూసేస్తారు. పది దాటాక తెరిచి అయిదింటికి మూసే కౌంటర్ దగ్గరికి నేను వెళ్లాలంటే ఒకరోజు జీతం పోవాలి. డూప్లికేట్ మెమోకు మూడు రోజులు, అడ్మిషన్‌కు ఒకరోజు, ప్రొవిజనల్‌కు రెండు రోజులు, అన్నీ నా జీతంలో కోతలే. శనివారం సాయంత్రం రెండు గంటలు ఒక్క కౌంటర్ తెరిచి పెట్టినా ఎంతమందికి మేలు! పెద్దవాళ్లు చదివే కోర్సుల పరీక్షలకు కార్మిక శాఖ ఏడాదికి పది రోజుల సెలవు హక్కుగా ఇప్పించినా చాలు. మా యూనిట్లో ఇంకో నలుగురు చేరతామంటున్నారు. అందరూ మొదట అడిగింది ఫీజు గురించి కాదు, ‘అక్కా, సెలవిస్తరా?’ అని.

నా నాలుగో సెమిస్టర్ పరీక్షలు ఈ నెల 22న మొదలవుతాయి. 20న కంపెనీ జీఎస్టీ రిటర్న్ నేనే వేయాలి. 21న ఒక్కరోజు చదువుకోవడానికి, ఆపైన అయిదు పరీక్షలకు అయిదు రోజులు, మొత్తం ఆరు రోజులు అడుగుతూ సెలవు చీటీ మొన్న సోమవారం ఇచ్చాను. ఇంకా సంతకం కాలేదు.